చౌఖట్‌లో చీమలు

ఇంట్లో బిల్లి ఉంటే చీమలకు మందు కొట్టొచ్చా? వానలు మొదలైతే చాలు, మా శంషాబాద్ వైపు ఖాలాలు, ఆపాలు, కొత్తగా ఫ్లాట్లలోకి వచ్చిన దుల్హన్‌లు నన్ను అడిగే సవాల్ ఇది. నేను డాక్టర్ని కాదు, ఆలిమాను అసలే కాదు. పోయినేడు మా ఇంట్లో ఈ మసలా నెల రోజులకు పైగా నడిచింది, అందుకని అడుగుతారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే నయం అనిపించింది.

ముందు ఏ చీమలో తేల్చుకోవాలి. షకర్ డబ్బాకు పట్టే చిన్న చీమలు, కుట్టే ఎర్రచీమలు వేరే కథ. నేను చెప్పేది పెద్ద నల్ల గండుచీమల సంగతి. పొడుగు కాళ్లు, కొన్నింటికి తలకాయ మరీ పెద్దది. మగ్రిబ్ దాటాక బయటికొచ్చి గోడ వెంట బారాత్ లెక్క నడుస్తాయి. వీటి ఖాన్‌దాన్ పేరు కాంపొనోటస్, వడ్రంగి చీమలంటారు. మన దగ్గర ఎక్కువ కనబడేది కాంపొనోటస్ కంప్రెసస్ అనే రకం. వీటికి కొండి లేదు, కుట్టవు. కొరికి ఆ చోట ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతాయి, మంట అందుకే.

పేరు వడ్రంగి గానీ ఇవి కట్టె తినవు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం పరేషానీ తగ్గుతుంది. కట్టె తినేది దీమక్, అంటే చెద. దీమక్ పట్టిన కట్టెలో మట్టి ఉంటుంది, గోడ మీద మట్టి గొట్టాలు కడుతుంది. చీమలు కట్టెను తొలిచి గదులు చేసుకుంటాయి, తొలిచిన పొట్టును బయటికి తోసేస్తాయి. లోపల చూస్తే ఆ గదులు ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టు నున్నగా, సాఫ్‌గా ఉంటాయి. బయట పడ్డ పొట్టులో చీమల కాళ్లు, పురుగుల రెక్కల ముక్కలు కూడా కనబడతాయి. వాన పడ్డ సాయంత్రం రెక్కల పురుగులు వస్తే అవీ చూడండి. నడుము సన్నగా, ముందు రెక్కలు పెద్దగా వెనకవి చిన్నగా ఉంటే చీమలు. నాలుగు రెక్కలూ ఒకే పొడుగైతే దీమక్. దీమక్ అయితే నేను రాసేది మీకు పనికిరాదు, దాని ఇలాజ్ వేరే.

మా ఇంట్లో పొట్టు కనబడింది దాలాన్ నుంచి సహన్‌లోకి దిగే దర్వాజా కింద. ఆ దర్వాజా సంగతి కొంచెం చెప్పాలి. చౌఖట్ మా ఇంటిది కాదు, మా మామగారి పాత ఇంటిది. 2008 మార్చిలో విమానాలు మొదలైన ఈ ఎయిర్‌పోర్టు కింద దాదాపు 5,500 ఎకరాల జమీన్ పోయింది. అందులో మా వాళ్ల ఇల్లూ, ఇంటి వెనక చెల్కా ఉన్నాయి. ఇల్లు ఇడిచిపెట్టే రోజు మామగారు పెట్టెలు, పరుపుల కంటే ముందు ఆ సాగ్వాన్ చౌఖట్‌ను ఊడదీయించి ట్రాక్టర్ ఎక్కించారట. ఆయన ఇంతెఖాల్ అయి తొమ్మిదేళ్లు. మా అత్తగారు, పిల్లలందరికీ నాకూ అమ్మీజాన్, ఇప్పటికీ సలాం ఫేరాక ఆ చౌఖట్‌కు వీపు ఆనించి తస్బీహ్ చదువుకుంటారు. విమానం నెత్తి మీంచి పోతే వేలు ఆపి, శబ్దం పోయాక మళ్లీ మొదలుపెడతారు.

పొట్టు కనబడ్డ వారానికి బడీ బేటీ నికాహ్ తారీఖు పక్కా అయింది. ముప్పై అయిదు రోజుల టైం. ఇంటినిండా మెహమాన్‌లు దిగుతారు, పిల్లల అబ్బాకు ఒకటే ఫికర్: "మంది ముందర గోడల మీద చీమలు నడిస్తే ఇజ్జత్ ఏం కావాలె? ఒక్కసారి మందు కొట్టిచ్చేద్దాం, పీడ పోతది."

మందు కొట్టే అబ్బాయి వచ్చాడు, వీపుకు డబ్బా తగిలించుకుని. ఇల్లంతా చూసి, రెండు గంటలు బయట కూర్చోండి చాలన్నాడు. బిల్లి ఉంది బాబూ అంటే, ఏం కాదమ్మా, వాసన కూడా ఉండదు అన్నాడు. ఏం మందు అనడిగితే పేరు చెప్పడానికి అటూ ఇటూ చూశాడు. డబ్బా మీది కాగితం నేనే చదివాను. సైపర్‌మెత్రిన్.

ఆ పేరు నాకు ముందే తెలుసు. పక్క గల్లీలో ఒక ఆపా ఉన్నారు. వాళ్ల బిల్లికి పిడుదులు పట్టాయని ఎవరో కుక్కలకు మెడ మీద వేసే మందు తెచ్చి వేశారు. సాయంత్రానికి ఆ జానవర్ ఒళ్లంతా వణుకు. కాళ్లు కొట్టుకుంటూ, నోట్లోంచి చొంగ కారుతూ, పిల్లలు చూడలేకపోయారు. రాజేంద్రనగర్‌లో పశువుల డాక్టర్ సాబ్ దగ్గరికి ఆటోలో తీసుకుపోతే మూడు రోజులకు లేచి నిలబడింది. అప్పుడు ఆ డాక్టర్ సాబ్ చెప్పిన మాట ఇది: పెర్‌మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇవన్నీ ఒకే ఖాన్‌దాన్. మనిషి, కుక్క శరీరం వీటిని విరిచి బయటికి పంపేస్తుంది. బిల్లి కలేజాకు ఆ తాకత్ తక్కువ. అందరికంటే ఎక్కువ ఖతర్నాక్ పెర్‌మెత్రిన్. దుకాణంలో దొరికే చీమల స్ప్రేలలో, గీత గీసే చాక్‌పీసులో మామూలుగా ఉండేది ఈ ఖాన్‌దాన్ మందే. బిల్లి ఆ గీత మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పంజాలు నాకుతుంది. రోజంతా ఒళ్లు నాకి సాఫ్ చేసుకోవడమే దాని పని కదా. ఎండిన తర్వాత పర్వాలేదు అంటారు గానీ, తడి ఆరేదాకా, కనీసం ఆ రోజంతా, బిల్లిని ఇంకో ఇంట్లో పెట్టే ఇంతెజామ్ లేకుండా ఒప్పుకోవద్దు.

ఈ ఒక్క మందుతోనే భయం అనుకోవద్దు. మనం పోఛా పెట్టే ఫినాయిల్, బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు, కర్పూరం కూడా బిల్లికి జహరే. చీమల పుట్టలో ఘాస్‌లెట్ పోయడం మరీ దారుణం. ఇంకొకటి, కిరాణా దుకాణాల్లో లేబుల్ లేని పొట్లాలు కట్టి "గమాక్సిన్" అని ఇస్తారు. అసలు గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ, దాన్ని మన సర్కార్ 1997లోనే బంద్ చేసింది. ఇప్పుడా పొట్లంలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. పిల్లలున్న ఇంట్లోకి దాన్ని రానివ్వొద్దు.

మా ఇంట్లో మిశ్రీ ఒక్కతే కాదు. సహన్‌లో నాలుగు కోళ్లు, చిన్నోడి లవ్‌బర్డ్స్ పింజ్రా ఉన్నాయి. కోళ్లు చీమల్ని ఏరుకుని తింటాయి, ఆ కోడి గుడ్లు మనం తింటాం. పిట్టల ఊపిరి మరీ నాజూకు, స్ప్రే పొగమంచు వాటికి అసలు పడదు. ఆ అబ్బాయికి చాయ్ తాగించి, రాకపోకల ఖర్చు ఇచ్చి పంపించేశాను. పిల్లల అబ్బా రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన గుస్సాలో న్యాయం లేకపోలేదు. నికాహ్ ఇంట్లో పని ఒక్కటా రెండా.

అమ్మీజాన్ పేచీ వేరు. "నక్కో మారో బేటీ, ఉనో సులేమానీ చ్యూంటే హై" అని పట్టుబట్టారు. చంపొద్దు, అవి సులేమాన్ అలైహిస్సలాం చీమలు అని.

చిన్నప్పుడు మా గల్లీ పిల్లలం నల్లచీమలు ముసల్మాన్‌లని, కుట్టే ఎర్రవి కావని చెప్పుకునేవాళ్లం. బడిలో నా పక్క బెంచీ పిల్ల ఇదే మాట తన వైపు నుంచి తిప్పి చెప్పేది. చీమలకు మాత్రం ఈ ఖబర్ ఎవరూ చేరవేసినట్టు లేదు. అందుకని అమ్మీజాన్ మాట కూడా ఆ బాపతే అనుకున్నాను. మస్జిద్ మౌలానా సాబ్‌ను చిన్నోడితో అడిగిస్తే, ఆమె మాటకు బలమైన బునియాద్ ఉందని తెలిసింది.

ఖురాన్‌లో 27వ సూరా పేరే చీమ, అన్-నమ్ల్. సులేమాన్ అలైహిస్సలాం ఫౌజ్ వస్తుంటే ఒక చీమ తన వాళ్లను హెచ్చరించడం, ఆయన ఆ మాట విని నవ్వి అల్లాహ్‌కు షుక్ర్ చేయడం అందులో ఉంది. మౌలానా సాబ్ ఒక బారీక్ సంగతి చెప్పారట. ఆ చీమ ఫౌజ్‌ను నిందించలేదు, వాళ్లకు తెలియకుండా తొక్కుతారేమో అంది. మనం డబ్బా పట్టుకుని నిలబడ్డాక తెలియకుండా అయిందని అనలేం కదా. అబూ దావూద్‌లో ఇబ్నె అబ్బాస్ రివాయత్ ఉంది. చీమ, తేనెటీగ, హుద్‌హుద్, సురద్ పిట్ట, ఈ నాలుగింటిని చంపడం మనా. ఒక నబీని చీమ కుడితే ఆయన పుట్ట మొత్తం కాల్పించడం, దాని మీద అల్లాహ్ ఆయన్ని తప్పుపట్టడం బుఖారీలో, ముస్లింలో ఉంది. నిప్పుతో సజా ఇచ్చే హక్ నిప్పును పుట్టించిన వాడిదే, అందుకని పుట్టల మీద మరిగే నీళ్లు, కాగడాలు వద్దన్నారు మౌలానా సాబ్.

నాకు ఎక్కువ ఆశ్చర్యం వేసింది తర్వాతి ముక్కకు. మనా చేసింది ఏ చీమ అన్న దాని మీద ఖత్తాబీ, బగవీ లాంటి పెద్ద ఉలేమా చర్చ చేశారట. అది పొడుగు కాళ్ల పెద్ద చీమ, దానితో నుక్సాన్ తక్కువ, దాన్నే సులేమానీ చీమ అంటారు, చిన్న చీమల హుకుమ్ వేరు అని వాళ్ల మాట. అంటే మా చౌఖట్‌లో కాపురం పెట్టినవే! మరి నుక్సాన్ చేస్తుంటే? దానికీ జవాబ్ ఉంది. బాధ పెడుతూ, చంపడం తప్ప తప్పించే ఇంకో దారి లేకపోతే ఇజాజత్ ఉంది, ఇమామ్ మాలిక్ రాయ్ అదే. "ముందు వేరే తరీఖా వెతకండి, వెతికినాక కూడా తప్పకపోతే మజ్బూరీ" అని ముగించారు మౌలానా సాబ్. చిన్నోడు తన దలీల్ కూడా కలిపాడు. 2024లో ఎయిర్‌పోర్టు గోడ లోపలికి చిరుతపులి వస్తే బోను పెట్టి పట్టుకుపోయారు, చంపలేదు, చీమలేం పాపం చేశాయని.

సరే, వేరే తరీఖా అంటే ఏమిటి? అక్కడ నేను కొంచెం చదివాను, కొంచెం రాత్రిళ్లు టార్చి పట్టుకుని కూర్చున్నాను.

ఈ చీమలకు గట్టి ఎండు కట్టె ఇష్టం ఉండదు. తడిసి మెత్తబడ్డ కట్టెను వెతుక్కుంటాయి. కట్టెలో చీమ ఉందంటే ఎక్కడో నీళ్లున్నాయని అర్థం. అసలు పుట్ట, రాణీ ఉండేది, చాలాసార్లు ఇంట్లో ఉండదు. బయట చెట్టు మొదట్లో, మట్టిలో ఉంటుంది. ఇంట్లోది వాటి బ్రాంచి ఆఫీసు లాంటిది, పని చేసే చీమలు, ప్యూపాలు ఉంటాయి. పైన కనబడ్డ వాటి మీద స్ప్రే కొడితే తిండికి వచ్చిన కూలీలు చస్తారు, రాణీ మళ్లీ పంపుతుంది. మందు కొట్టించిన ఇళ్లల్లో మూడు నెలలకు మళ్లీ అదే బారాత్ ఎందుకు తిరుగుతుందో ఇప్పుడు అర్థమైంది కదా.

వాటి దారి చూడాలంటే రాత్రి ఇషా తర్వాత, ఎర్ర కాగితం చుట్టిన టార్చితో చూడండి, ఎర్ర వెలుతురుకు అంతగా బెదరవు. చిటికెడు తేనె ఒక ఆకు మీద పెడితే కడుపు నింపుకుని సీదా ఇంటికి పోతాయి. మూడో రాత్రి నాకు మొత్తం నక్షా దొరికింది. జామచెట్టు మొదట్లోంచి బయల్దేరి, కొమ్మ ఎక్కి, ఆ కొమ్మ మా కప్పును తాకిన చోట దిగి, గోడ వెంట చౌఖట్ దాకా. జామ ఆకుల కింద తెల్లగా పిండినల్లి పట్టి ఉంది. ఆ నల్లి విసర్జించే తీపి రసం కోసం ఈ చీమలు వాటిని బర్రెల్లా కాపలా కాస్తాయి. అంటే దస్తర్‌ఖాన్ చెట్టు మీద, పడక గది మా దర్వాజాలో.

మరి నీళ్లు? 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగినప్పుడు మా గల్లీలోనూ మోకాళ్ల లోతు నిలిచాయి, గోడల కింద ప్లాస్టర్ అప్పుడే పొంగింది. కానీ అది ఎండిపోయి ఏళ్లయింది. ఇప్పటి తడి ఎక్కడిదని వెతికితే, చెప్పడానికి కష్టంగా ఉంది, అమ్మీజాన్ వజూ నల్లా. మోకాళ్ల నొప్పులకు ఆమె దూరం నడవలేరని దర్వాజా పక్కనే సహన్‌లో నల్లా, కూర్చోడానికి ఒక పీట. రోజుకు అయిదు పూటలు, తహజ్జుద్ కలిపితే ఆరు, ఆ నీళ్లు చింది చౌఖట్ మొదట్లోకి ఇంకుతున్నాయి.

ఈ మాట ఆమెతో ఎవరు చెప్పాలి? నల్లా అటు గోడకు మార్చేద్దాం అన్నారు పిల్లల అబ్బా. మారిస్తే ఆమె పది అడుగులు తడి బండల మీద నడవాలి. కింద పడితే? చీమల కంటే అది పెద్ద ఫికర్. వద్దన్నాను. నేనే వెళ్లి పీట పక్కన కూర్చుని చెప్పాను, అమ్మీజాన్, చౌఖట్ మెత్తబడింది, నీళ్లు తగులుతున్నాయి అని. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. చేత్తో చౌఖట్ కింద తడిమి చూసుకున్నారు. తర్వాత అటక మీద ఇత్తడి బద్నా, చిలమ్చీ ఉన్నాయి దింపించమన్నారు. తన జహేజ్‌వి, కలాయి పోయి నల్లబడ్డాయి. బేగంబజార్ పంపి కలాయి వేయించాం. ఇప్పుడు బద్నాతో వజూ, చిలమ్చీలో నీళ్లు, చిన్నోడు వాటిని తీసుకెళ్లి పుదీనా మడిలో పోస్తాడు. బద్నాతో నల్లా నీళ్లలో పావు వంతు కూడా కావు. నది ఒడ్డున కూర్చున్నా వజూకు నీళ్లు వృథా చేయొద్దని ఉంది కదా, ఆ మాట చిన్నోడు అనబోతే నేను కళ్లు ఉరిమాను.

వడ్ల పని చేసే చాచా వచ్చి చౌఖట్ కింద ఉలి పెట్టగానే నవ్వారు. "అమ్మా, ఇది సాగ్వాన్ కాదు. కింద మూరెడు మామిడి కట్టె అతికిన్రు." పాత ఇంట్లోంచి ఊడదీసేటప్పుడు అడుగు విరిగి ఉంటుంది, ఎవరో మామిడి ముక్క జోడించి రంగు పూసేశారు. సాగ్వాన్ గుండె కట్టె అలాగే ఉంది, చీమలు దాన్ని తాకలేదు. తొలిచింది మామిడి ముక్కనే. అమ్మీజాన్‌కు చూపిస్తే అల్హందులిల్లాహ్ అని మూడుసార్లు అన్నారు. ఆమె కళ్లల్లో నీళ్లు నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ ముక్క కోసి తీసినప్పుడు చూడాలి. వందల చీమలు, నోట్లో తెల్ల ప్యూపాలు కరుచుకుని ఇటూ అటూ ఉరుకులు. చాచా చీపురు కట్టతో చాటలోకి ఊడ్చి, ముక్కతో సహా జామచెట్టు మొదట్లో పెట్టారు. అర్ధగంటలో ప్యూపాలన్నీ మట్టిలోకి చేరిపోయాయి. కోళ్లను ఆ పూట గంప కింద మూశాం, లేకపోతే వాటికి దావత్. కొత్త సాగ్వాన్ ముక్క అతికి, నేలకు తగలకుండా కింద రాతి పలక వేశారు. కప్పును తాకే కొమ్మ నరికేశాం. పిండినల్లికి సబ్బు నీళ్లు వారానికోసారి, మూడు వారాలు. గోడ మీద దారిని సిర్కా కలిపిన నీళ్లతో తుడిచాను, ఆ వాసన దారే వాటికి రోడ్డు. పదిరోజుల్లో దాలాన్‌లో చీమ కనబడడం ఆగింది.

కథ అంతే అయితే బాగుండేది. సామాన్ల గదిలో పాత దూలం ఒకటుంది, అక్కడ వేరే గుంపు. దూలం తీయాలంటే కప్పు విప్పాలి, నికాహ్‌కు పన్నెండు రోజులు. కారుతున్న కప్పుకు పైన సిమెంటు పూయించినా అవి కదల్లేదు. అక్కడ మాత్రం నేను మందు పెట్టాను. మౌలానా సాబ్ చెప్పిన మజ్బూరీ అదే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. అమ్మీజాన్‌కు చెప్పే చేశాను. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు.

ఆ నుస్ఖా అడుగుతారు కాబట్టి రాస్తున్నా. 100 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల షకర్, 1 గ్రాము బోరిక్ పౌడర్. బోరిక్ మెడికల్ షాపులో దొరుకుతుంది, క్యారమ్ బోర్డు మీద చల్లేది చాలావరకు ఇదే. ఎక్కువ కలిపితే జల్దీ పనిచేస్తుందనుకోవద్దు. ఎక్కువైతే చీమ ముట్టదు, లేదా దారిలోనే చస్తుంది. తక్కువైతే ఇంటికి మోసుకుపోయి నోటితో నోటికి పంచుతుంది, రాణీ దాకా చేరుతుంది. రెండు మూడు వారాల సబర్ కావాలి, ఆ రోజుల్లో స్ప్రే గానీ సిర్కా గానీ ఆ దగ్గర వాడొద్దు. బోరిక్ ఈ కొలతలో తక్కువ జహర్ గానీ అసలు జహర్ కాకపోలేదు. బిల్లి తాగితే వాంతులు, పసిపిల్లలకు కూడా మంచిది కాదు. మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన దూది పెట్టి, పక్కకు చీమ పట్టేంత బెజ్జాలు చేసి, దూలం మీద తీగతో కట్టేశాను. గదికి తాళం, చెవి నా నడుముకు. మిగిలిన నీళ్లు సీసాలో దాచకండి, ఎవరో ఒకరు షర్బత్ అనుకుంటారు. మీ బిల్లి ఏదైనా నాకిందని షక్ వస్తే, వణుకు మొదలయ్యేదాకా ఆగకుండా, మందు డబ్బా చేతిలో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాంతి చేయించాలని ఉప్పు నీళ్లు, నూనె పట్టొద్దు.

ఫ్లాట్లలో ఉండేవాళ్లు చెట్టు లేదు కదా అంటారు. మీరు ముందు బాత్‌రూం దర్వాజా కింద, ఏసీ నీళ్లు కారే చోట, సింక్ కింది చెక్క అల్మారాలో వేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే అక్కడే. కారే చోట బాగు చేయించకుండా మందుకు పైసలు పెట్టొద్దు.

నికాహ్ ఖైరియత్‌గా అయింది. వలీమా రాత్రి జోరుగా వాన, మెహమాన్‌ల చెప్పుల మధ్య నాలుగు గండుచీమలు తిరిగాయి, ఎవరూ పట్టించుకోలేదు. దూలం గుంపు తగ్గింది గానీ పూర్తిగా పోయిందో లేదో ఈ వానాకాలం చూస్తే గానీ చెప్పలేను. వంటింట్లో ఖుబానీ కా మీఠా గిన్నెను మాత్రం ఇప్పటికీ నీళ్ల పళ్లెంలోనే పెడుతున్నాను, ఆ నీళ్లేమో మిశ్రీ తాగేసి పోతుంది, పూటకోసారి మళ్లీ పోయాల్సి వస్తోంది.